ఉప్పు, బియ్యం, కాఫీ పొడి: వాటర్‌కలర్ బ్యాక్‌గ్రౌండ్‌లకి వంటింటి డబ్బాలు చాలు

వాటర్‌కలర్‌లో పువ్వో పిట్టో ముచ్చటగానే వస్తుంది, కానీ దాని వెనకాల బ్యాక్‌గ్రౌండ్ మాత్రం గోడకి సున్నం వేసినట్టు చదునుగా మిగిలిపోతుంది. దీనికోసం టెక్స్చర్ మీడియం, గ్రాన్యులేషన్ మీడియం అంటూ సీసాలు కొనేవాళ్లున్నారు. కొనుక్కుంటే తప్పులేదు గానీ వంటింట్లో ఉన్న ఉప్పు, బియ్యం, పంచదార, కాఫీ పొడి, వంటసోడా, ప్లాస్టిక్ ర్యాప్‌తో ఆ పని చాలావరకు అయిపోతుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఏ డబ్బా మూత తీశామన్నది ఇక్కడ రెండో విషయం. కాగితం ఎంత తడిగా ఉన్నప్పుడు వేశామన్నదే మొదటి విషయం. అదే ఉప్పు, అదే రంగు, అదే కాగితం, అయినా రెండు నిమిషాలు ముందు వేస్తే ఒకలా వస్తుంది, వెనక వేస్తే ఇంకోలా వస్తుంది, మరీ ఆలస్యమైతే అసలేమీ రాదు. వీడియోల్లో చూసినట్టే చేశాను, నాకు మాత్రం రాలేదు అనేవాళ్లలో ఎక్కువమందికి తేడా కొట్టేది ఇక్కడే, ఎందుకంటే వీడియోలో ఆ ఎదురుచూపునంతా కత్తిరించేస్తారు.

తడిని చూడటం ముందు నేర్చుకోండి

వాష్, అంటే నీళ్లు బాగా కలిపిన రంగుని కాగితం మీద పరిచే పొర, వేసిన వెంటనే రంగునీళ్లు కాగితం మీద నిలబడి ఉంటాయి, బోర్డు కాస్త వంచితే ఒక మూలకి జారిపోతాయి. దీన్ని మడుగు దశ అనుకోండి. కాసేపటికి నీళ్లు ఇంకి జారడం ఆగుతుంది, పైన మాత్రం మెరుపు ఉంటుంది, కిటికీ వెలుతురు అందులో తళుక్కుమంటుంది. ఇది మెరుపు దశ. ఆ తర్వాత మెరుపు సన్నగిల్లి, కాగితం గరుకు కొద్దికొద్దిగా పైకి తేలడం మొదలవుతుంది. ఇది నిగారింపు దశ, చాలా తక్కువసేపు ఉంటుంది, ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చుంటే కళ్లు మూసి తెరిచేలోపు పోతుంది. చివరికి మెరుపు అస్సలు లేకుండా, వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా మాత్రం తగులుతుంది. అది చెమ్మ దశ.

పైనుంచి చూస్తే ఈ తేడాలేవీ తెలియవు. తల వంచి, కళ్లు దాదాపు కాగితం ఎత్తుకి తెచ్చి, వెలుతురు ఉన్న వైపుకి చూడాలి. అంచులు ముందు ఆరిపోతాయి, మధ్యలో ఇంకా మెరుస్తూ ఉంటుంది, కాబట్టి ఒకే కాగితం మీద ఒకేసారి రెండు మూడు దశలుంటాయి. ఉప్పు అంచుల దగ్గర ఒకలా, మధ్యలో ఇంకోలా రావడానికి కారణం ఇదే. అంతా ఒకేలా కావాలంటే, కాగితాన్ని బోర్డుకి అంటించిన టేపు దాకా నీళ్లు సమానంగా పట్టించండి, టేపు అంచున చేరిన నీళ్లని ఆరిన బ్రష్‌తో పీల్చేయండి.

కాగితం విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ప్రింటర్ కాగితం సుమారు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటుంది, తడి తగలగానే అలలు తిరిగిపోతుంది, రంగంతా ఆ గుంటల్లోకి చేరి మరకలుగా ఎండుతుంది. వాటర్‌కలర్ కాగితమే వాడండి, వీలైతే 300 జీఎస్ఎంది. నున్నగా ఉండే హాట్ ప్రెస్ మీద ఉప్పు నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తాయి, బాగా గరుకుగా ఉండే రఫ్ కాగితం మీద కాగితం గరుకూ ఉప్పు గరుకూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు, కోల్డ్ ప్రెస్ మధ్యస్తంగా ఉంటుంది. నూలు కాగితం తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి చేతికి టైమ్ దొరుకుతుంది. కలప గుజ్జుతో చేసినది త్వరగా ఆరిపోతుంది, దాంతో పని చేసేటప్పుడు కావాల్సినవన్నీ ముందే గిన్నెల్లో తీసి పెట్టుకోండి. రంగు వేశాక ఉప్పు డబ్బా వెతుక్కుంటూ వెళ్తే అంతే సంగతులు.

పెద్ద షీటు మీద మొదలుపెట్టకండి. ఒక షీటుని పోస్టుకార్డు సైజు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కోటి ప్రయత్నించి, వెనకవైపు ఏ రంగు, ఏ దినుసు, ఏ దశలో వేశారో పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.

ఉప్పు

అన్నిటికన్నా నమ్మకమైనది, అన్నిటికన్నా అందమైనది ఉప్పే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బోర్డుకి అంటించి, శుభ్రమైన నీళ్లతో ఒకసారి తడిపి, దాని మీద రంగుని ధారాళంగా వెయ్యండి. వాటర్‌కలర్ ఎండాక తేలిపోతుంది, పైగా ఉప్పు చేసే లేత గుర్తులు కనపడాలంటే వాటి చుట్టూ ముదురు ఉండాలి, అందుకని కావాల్సినదానికన్నా ఒక మెట్టు చిక్కగానే కలపండి. లేత గులాబీ వాష్ మీద గుప్పెడు ఉప్పు పోసినా కంటికి ఆనదు. ఇండిగో, అల్ట్రామెరైన్, పేన్స్ గ్రే, బర్న్ట్ సియెన్నా లాంటివి ఉప్పుకి బాగా లొంగుతాయి. థాలో బ్లూ, థాలో గ్రీన్, క్వినాక్రిడోన్ రంగులు కాగితంలోకి గబుక్కున దిగిపోయి మరకలా పట్టేస్తాయి కాబట్టి వాటిమీద నక్షత్రం వచ్చినా తెల్లగా రాదు, అదే రంగు లేతగా ఉంటుంది, అంతే. రెండు రంగులు పక్కపక్కనే వేసి అవి కలిసేచోట ఉప్పు చల్లితే భలే ఉంటుంది.

ఇప్పుడు ఆగండి. మెరుపు దశ చివరికి వచ్చి, నిగారింపు మొదలయ్యే సమయం కోసం చూడండి. మడుగులో వేస్తే ఉప్పు ఊరికే కరిగి ఆ నీళ్లలో కలిసిపోతుంది, ఎండాక మబ్బుమబ్బుగా ఏదో మిగులుతుంది. చెమ్మ దశలో వేస్తే గింజ కరగడానికి నీళ్లే ఉండవు, కాగితం మీద అలాగే కూర్చుంటుంది. సరైన సమయానికి చిటికెడు తీసుకుని, ఒక అడుగు ఎత్తు నుంచి, వేళ్లు నలుపుతూ రాల్చండి. దగ్గర నుంచి వేస్తే ఒకేచోట కుప్పపడుతుంది.

వేశాక ఒక్క గింజ మీదే చూపు పెట్టండి. ముందు ఏమీ జరగదు. తర్వాత తెల్లటి గింజ నెమ్మదిగా రంగు పీల్చి ఆ రంగుకి తిరుగుతుంది. దాని చుట్టూ సన్నటి లేత వలయం ఏర్పడుతుంది, వలయం అంచు నున్నగా ఉండదు, అక్కడక్కడ ముళ్లు పొడుచుకొచ్చినట్టు బయటికి పాకుతుంది. ఇంకాసేపటికి పక్క గింజ వలయం వచ్చి దీన్ని తాకుతుంది, కానీ రెండూ కలిసిపోవు, మధ్యలో సన్నటి ముదురు గీత మిగులుతుంది. ఈ గీతల వల్లే ఆ మంచు స్ఫటికాల రూపం వస్తుంది. గింజలు మరీ దగ్గరగా పడితే వలయాలకి చోటు ఉండదు, గీతలూ ఉండవు, అంతా కలిసి ఒక లేత మచ్చ అవుతుంది. ఉప్పు విషయంలో తక్కువే ఎక్కువ పని చేస్తుంది.

ఇదంతా ఎలా జరుగుతుందంటే, ఉప్పు చుట్టుపక్కల నీళ్లని లాక్కుంటూ కరుగుతుంది, ఆ లాగుడులో ఇంకా పూర్తిగా కుదురుకోని రంగు రేణువులు చెదిరిపోయి, గింజ ఉన్నచోట పలచబడి, అంచుల్లో పోగుపడతాయి. రంగు కాగితంలో కుదురుకున్నాక చెదరడానికేమీ ఉండదు. సమయం గురించి ఇంత చెప్పడం అందుకే.

మెత్తటి ఉప్పు చిన్న చిన్న చుక్కలు చేస్తుంది, ఇసుక, పొగమంచు, నక్షత్రాల ఆకాశం, తుప్పు పట్టిన రేకు లాంటివాటికి సరిపోతుంది. రాళ్ల ఉప్పు పెద్ద పువ్వుల్లాంటి మచ్చలు చేస్తుంది, రాతిగోడకీ నాచుకీ బాగుంటుంది, అయితే దానికి తడి ఇంకొంచెం ఎక్కువ ఉండాలి, మెరుపు దశ మధ్యలోనే వేసేయండి. రెండూ కలిపి వేస్తే చూడ్డానికి సహజంగా ఉంటుంది. అదీ కాగితమంతా కాకుండా ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా, ఒకచోట ఎక్కువ, ఒకచోట దాదాపు లేకుండా వేయండి. షీటు నిండా సమానంగా చల్లిన ఉప్పు గిఫ్ట్ చుట్టే కాగితంలా కనిపిస్తుంది.

ఉప్పు వేశాక కాగితాన్ని కదపకూడదు, హెయిర్ డ్రైయర్ పెట్టకూడదు. డ్రైయర్ గాలికి గింజలు దొర్లిపోతాయి, పైగా ఉప్పుకి పని చేసే టైమే దొరకదు. బోర్డుని చదునుగా ఉంచి వేరే పని చూసుకోండి. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో ఇది గంటలు పడుతుంది.

పూర్తిగా ఎండాకే ఉప్పు తీయాలి. అరచెయ్యి వెనకభాగం ఆనిస్తే ఎక్కడా చల్లగా తగలకూడదు. పాత గ్రీటింగ్ కార్డు అంచుతో మెల్లగా గీకండి, మొండిగా అతుక్కున్నవాటిని గట్టి వెంట్రుకలున్న ఆరిన బ్రష్‌తో దులపండి. కింద పాత కాగితం పరుచుకోండి, నోటితో ఊదకండి, ఆ రంగు దుమ్ము ముఖం మీదకే వస్తుంది. దులిపిన ఉప్పుని చెత్తబుట్టలోనే వెయ్యాలి. ఎంత శుభ్రంగా కనిపించినా మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలతో చేసిన రంగులు కొన్ని ఉంటాయి. ఈ పనికి వాడిన చెంచాలూ గిన్నెలూ కూడా వేరుగా పెట్టేసుకోవడమే మంచిది.

ఉప్పు కాగితం మీద మిగిలిపోతే ఏమవుతుంది? గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే తేమ పీల్చి నీరు కారడం మొదలుపెడుతుంది. ఫ్రేమ్ కట్టిన బొమ్మలో ఆ పని జరిగితే మచ్చలు పడతాయి, బూజు పట్టే వీలుంటుంది. అందుకని వేళ్లతో తడిమి చూసి ఎక్కడా గరగర తగలకుండా దులపండి. ఎంత దులిపినా కరిగి లోపలికి వెళ్లిన ఉప్పు కొంత ఉండనే ఉంటుంది, దానివల్ల ఉప్పు వేసిన చోట తర్వాత ఇంకో వాష్ వేస్తే రంగు అక్కడక్కడ మచ్చలుగా పట్టుకుంటుంది. నున్నటి రెండో పొర కావాల్సిన చోట ఉప్పు వెయ్యకపోవడమే దారి. పిట్టో పువ్వో ఉండాల్సిన చోటుని ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్‌తోనో (రంగు అంటకుండా పూసి తర్వాత తీసేసే ద్రవం) టేపుతోనో కప్పేసి, చుట్టూ మాత్రం చల్లండి.

బియ్యం, పప్పులు

ఉప్పు లేత గుర్తులు చేస్తే బియ్యం ముదురు గుర్తులు చేస్తుంది. గింజ కింద, గింజ అంచు వెంట రంగునీళ్లు చేరి, ఆరేటప్పుడు అక్కడే గడ్డకడతాయి. కాబట్టి దీనికి మడుగు దశే కావాలి, రంగు నిలబడి ఉన్నప్పుడే పొడి బియ్యం చల్లి, గింజలు రంగులో సగం మునిగేలా చూడాలి. ఆరాక గింజలు దులిపేస్తే సన్నటి ముదురు గీతలు అన్ని దిక్కులా మిగులుతాయి. ఎండుగడ్డి, చెట్టు బెరడు, వానకి తడిసిన మట్టి లాంటి నేపథ్యాలకి ఇది ఉప్పుకన్నా నాకు నచ్చుతుంది. కందిపప్పు, పెసరపప్పు గుండ్రటి గుర్తులిస్తాయి. బియ్యప్పిండి, మైదా మాత్రం చల్లకండి, తడి తగిలి జిగురై బ్రష్‌కి పట్టుకుంటాయి.

పంచదార, తేనె

పంచదార కూడా ఉప్పులాగే పని చేస్తుందని చెప్తుంటారు గానీ, అంత ఆశ పెట్టుకోకండి. గింజ కరిగి పాకంలా చిక్కబడి రంగుని మెల్లగా పక్కకి నెడుతుంది, నక్షత్రం కాకుండా మెత్తటి మబ్బు ఆకారం వస్తుంది. చెడ్డగా ఉండదు. అసలు గొడవ తర్వాత మొదలవుతుంది. పంచదార దులిపితే పోదు, కాగితంలోనే ఉండిపోయి తేమ పీల్చి జిగటగా అవుతుంది, మీద పెట్టిన కాగితం అతుక్కుపోతుంది, చీమలకైతే చెప్పనే అక్కర్లేదు.

తేనె అంటే వాటర్‌కలర్‌కి కొత్త కాదు. రంగుపొడిని పట్టి ఉంచేది గమ్ అరబిక్ అనే తుమ్మజాతి జిగురు, ఆ రంగు బిళ్ల బీటలు వారకుండా, నీళ్లు తగలగానే కరిగేలా ఉండటానికి తేనెనో గ్లిజరిన్‌నో కలుపుతారు. కొన్ని కంపెనీలు ఇప్పటికీ తేనె వాడతాయి. మీరు కలుపుకోవాలంటే ఒక మూత రంగునీళ్లలో అగ్గిపుల్ల కొనకి అంటినంత చాలు. రంగు కాస్త నిదానంగా పారుతుంది, నెమ్మదిగా ఆరుతుంది, మెరుపు దశ ఎక్కువసేపు ఉంటుంది. ఎండాకాలంలో ఉప్పు వేసే టైమ్ చిక్కడం లేదంటే ఈ చిట్కా పనికొస్తుంది. అంతకన్నా ఎక్కువ వేస్తే ఆ కాగితం ఎన్నటికీ ఆరదు.

కాఫీ పొడి, టీ

ఇక్కడ కాఫీ పొడి అంటే నీళ్లలో పూర్తిగా కరిగే ఇన్‌స్టంట్ పొడి. ఫిల్టర్ పొడి కరగదు, నల్లటి నలకలుగా మిగులుతుంది. శుభ్రమైన నీళ్లతో కాగితం తడిపి, మెరుపు దశలో నాలుగైదు రేణువులు వేసి చూడండి, ఒక్కో రేణువూ ముదురు గోధుమ రంగులో పగిలి, చుట్టూ లేత గోధుమ వలయంగా పాకుతుంది. నిగారింపు దశలో వేస్తే పాకకుండా చిన్న చుక్కగా ఆగిపోతుంది. రెండు దశల్లోనూ కొంచెం కొంచెం వేస్తే పాత ఉత్తరంలాగో తుప్పు మరకలాగో వస్తుంది. దీనికి తోడు అక్కడక్కడ బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపి వదిలితే రంగులో లోతు వస్తుంది, ఉట్టి కాఫీ రంగు చూడ్డానికి కాస్త ఏడుపుముఖంగా ఉంటుంది.

పాతబడిన కాగితంలా కనపడాలంటే చిక్కటి టీ నీళ్లు చల్లార్చి వాష్‌లా వెయ్యండి, ఆరాక ఇంకో పొర వెయ్యండి. పాలు కలపకండి, వాసన వస్తుంది. టీ, కాఫీ రెండూ ఆమ్ల గుణం ఉన్నవి, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పసుపు తిరుగుతుంది, రంగు కూడా వెలుతురికి నిలబడదు. జర్నల్ పేజీలకి, స్కాన్ చేసి వాడుకునే వాటికి ఏ ఇబ్బందీ లేదు. ఎవరికైనా అమ్మేదో, గోడకి పెట్టేదో అయితే ఆ గోధుమ రంగుని పెయింట్‌తోనే తెచ్చుకోండి. పసుపుదీ ఇదే కథ. వేసినరోజు కళ్లు జిగేల్మంటాయి, ఎండ తగిలితే ఆ రంగు త్వరగా వెలిసిపోతుంది. వంటసోడా నీళ్లు తగిలితే పసుపు ఎరుపు తిరుగుతుంది, ఆ ఆట కోసమైతే వాడండి.

వంటసోడా, వెనిగర్, నిమ్మరసం

సోడా చల్లి, దాని మీద డ్రాపర్‌తో వెనిగర్ చుక్కలు వదిలితే బుసబుసమని పొంగుతుంది. పిల్లలు పక్కన ఉంటే ఇక మిగతా పనులేవీ సాగవు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ బుడగలు, అవి పగిలేటప్పుడు రంగుని చిన్న చిన్న గుండ్రాలుగా నెడతాయి. మడుగు దశలో, కొద్దికొద్ది చోట్ల చేస్తే నురగ, సముద్రపు ఒడ్డు లాంటి ఆకారాలొస్తాయి. అయితే పొంగు చల్లారాక మిగిలేది ఎప్పుడూ మనం చూసినంత గొప్పగా ఉండదు. సోడా ఎక్కువైతే తెల్లటి పొడిపొర మిగులుతుంది, ఆరాక దులపాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది చెప్పరు. అల్ట్రామెరైన్ ఆమ్లానికి తట్టుకోలేదు, వెనిగరో నిమ్మరసమో పడితే దాని నీలం విరిగిపోయి వెలిసిపోతుంది. ప్రష్యన్ బ్లూ దానికి సరిగ్గా ఎదురు, ఆమ్లానికి తట్టుకుంటుంది గానీ క్షారం తగిలితే చెడుతుంది, సోడా పడితే నీలం పోయి గోధుమ వైపు తిరుగుతుంది. కాబట్టి ఉట్టి సోడా ప్రయోగానికి అల్ట్రామెరైన్, ఉట్టి వెనిగర్‌కి ప్రష్యన్ బ్లూ తీసుకోండి. రెండూ కలిపి పొంగించేటప్పుడు థాలో బ్లూ వాడితే ఏ బాధా లేదు, అది రెండింటికీ చలించదు. మీ ట్యూబ్ మీద పెద్ద అక్షరాల్లో ఏం పేరున్నా, వెనక చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ నంబరు, అంటే అందులోని రంగుపొడి నంబరు, ఉంటుంది. పీబీ 29 అల్ట్రామెరైన్, పీబీ 27 ప్రష్యన్, పీబీ 15 థాలో. ఇండిగో పేరుతో వచ్చే ట్యూబుల్లో చాలావరకు రెండు మూడు పిగ్మెంట్లు కలిపినవే ఉంటాయి, అది కూడా అక్కడే తెలుస్తుంది.

ప్లాస్టిక్ ర్యాప్, ఫాయిల్

ఇవి తినేవి కాకపోయినా ఉండేది అదే అలమారలో కాబట్టి చెప్తున్నాను, పైగా ఉప్పు తర్వాత నా ఓటు దీనికే. మడుగు దశలో రెండు మూడు రంగులు వేసి, కాగితం కన్నా పెద్ద ర్యాప్ ముక్కని పైన పరిచి, వేళ్లతో ముడతలు లాగండి. ర్యాప్ కాగితానికి అంటుకున్నచోట రంగు పలచబడుతుంది, ముడత కింద గాలి ఉన్నచోట, అంచుల వెంట రంగు చేరుతుంది. ఆకారం అప్పటికప్పుడే పైనుంచి కనిపిస్తుంది, నచ్చేదాకా ముడతలు సర్దుకోవచ్చు. ఒకే దిక్కుకి లాగితే పొడవాటి చీలికలు, గడ్డి, నీటి అలలు, నలిపి వదిలితే మంచుగడ్డ, రాయి.

తర్వాత ఓపిక పట్టాలి. ర్యాప్ కింద గాలి ఆడదు కాబట్టి ఆరడానికి చాలా గంటలు పడుతుంది, రాత్రి వేసి పొద్దున తీయడం మేలు. తొందరపడి ఒక మూల ఎత్తి చూస్తే కింద రంగు ఇంకా తడిగా ఉండి వెనక్కి పారి గీతల్ని కలిపేస్తుంది. అంచులు మెత్తగా ఉంటే చాలనుకున్నప్పుడు మాత్రం చెమ్మ దశలోనే తీసేయొచ్చు. నలిపిన అల్యూమినియం ఫాయిల్ కూడా ఇలాగే పని చేస్తుంది, గుర్తులు ఇంకా కోసుగా వస్తాయి, కానీ లోపల ఏం జరుగుతోందో కనపడదు.

గిన్నెలు తోమే లిక్విడ్, నూనె, కొవ్వొత్తి

చిన్న గిన్నెలో చిక్కటి రంగునీళ్లు, అందులో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్. స్ట్రాతో ఊదితే బుడగలు గిన్నె అంచు దాటి లేస్తాయి, వాటికి ఆరిన కాగితాన్ని మెల్లగా తాకించి తీసేయండి. సన్నటి గీతలతో గుండ్రాల అచ్చు పడుతుంది. ఊదేవాళ్లు పిల్లలైతే స్ట్రాకి పైభాగంలో సూదితో చిన్న చిల్లు పెట్టండి, పొరపాటున పీల్చినా నీళ్లు నోట్లోకి రావడం కష్టమవుతుంది.

నూనె చుక్కలు వేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. నీళ్లూ నూనే కలవవు కాబట్టి గుండ్రటి ఖాళీలు వచ్చే మాట నిజమే. కానీ ఆ నూనె కాగితంలోకి ఇంకి, పకోడీ పొట్లంలా పారదర్శకమైన మరక చేస్తుంది, రోజులు గడిస్తే పసుపు తిరుగుతుంది, వాసనా వస్తుంది. రంగుని ఆపాలంటే కరెంటు పోయినప్పటికని దాచుకున్న తెల్ల కొవ్వొత్తి ఉండనే ఉంది. ఆరిన కాగితం మీద దాంతో గట్టిగా రుద్ది పైన వాష్ వేస్తే మైనం ఉన్నచోట రంగు పట్టదు, కోల్డ్ ప్రెస్ మీదైతే విరిగిన గీతలుగా, నీటి మీద ఎండ తళుకులా వస్తుంది. ఒకసారి రుద్దితే మళ్లీ పోదు, ఎక్కడ రుద్దారో పక్క నుంచి వెలుతురులో చూసుకుంటూ ఉండండి.

కార్న్‌ఫ్లోర్ పేస్టు, ఫోర్కు

ఇది కాస్త వేరే దారి, కానీ టెక్స్చర్ గట్టిగా కావాలంటే దీన్ని మించింది లేదు. పాతకాలంలో పుస్తకాలు కుట్టేవాళ్లు అట్టలకీ లోపలి కాగితాలకీ ఇలాగే రంగు పేస్టు పూసి డిజైన్లు గీసేవాళ్లు. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌కి సుమారు ఎనిమిది చెంచాల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ చిక్కబడి నిగనిగలాడేదాకా ఉడికించండి. పూర్తిగా చల్లార్చి, చెంచాడు పేస్టుకి ట్యూబ్ రంగు కొంచెం కొంచెం కలుపుకుంటూ రండి. పెరుగులా ఉండాలి. కాగితాన్ని ముందు కొద్దిగా తడిపి, వెడల్పాటి బ్రష్‌తో పేస్టు పూసి, ఫోర్కుతోనో, పాత దువ్వెనతోనో, పళ్లలా కత్తిరించిన అట్టముక్కతోనో గీయండి. గీసినచోట కాగితం బయటపడుతుంది, పక్కన రంగు గట్టులా పేరుకుంటుంది. నచ్చకపోతే బ్రష్‌తో మళ్లీ చదును చేసి మళ్లీ గీసుకోవచ్చు. ఇంత వెసులుబాటు పైన చెప్పిన వేటిలోనూ లేదు.

పేస్టు మరీ మందంగా పూస్తే ఆరాక వంచినప్పుడు రేకులుగా లేస్తుంది. మిగిలిన పేస్టు ఫ్రిజ్‌లో మూత పెడితే రెండు రోజులు ఆగుతుంది, ఆ డబ్బా మీద రంగు కలిసిందని రాసి పెట్టండి. పిండి పదార్థం కాబట్టి పురుగులకీ, కాగితాలు కొరికే సిల్వర్‌ఫిష్‌కీ ఇష్టం, పూర్తయిన కాగితాలు పొడిగా ఉండే చోట దాచుకోండి.

అనుకున్నట్టు రాకపోతే

ఉప్పు గుర్తులు అస్సలు రాలేదంటే కాగితం ఆరిపోయాక వేశారు, లేదా రంగు మరీ లేతగా ఉంది. అంతా మబ్బుగా వచ్చిందంటే తడి ఎక్కువైంది. బియ్యం గుర్తులు లేతగా ఉన్నాయంటే నీళ్లు తక్కువయ్యాయి. పువ్వులాంటి అంచుల పెద్ద మచ్చ అనుకోకుండా పడితే అది ఏ దినుసు వల్లా కాదు, ఆరుతున్న రంగులోకి తడి బ్రష్ నుంచి నీటిచుక్క జారడం వల్ల. అదీ ఒక టెక్స్చరే, కావాలని చేయాలంటే నిగారింపు దశలో వేళ్లతో నీళ్లు చిలకరించండి. ఒకే కాగితం మీద మాత్రం రెండు మూడు పద్ధతుల్ని మించి కలపకండి. ఉప్పు, ర్యాప్, కాఫీ, సోడా అన్నీ ఒకేచోట కలిస్తే మురికి గోధుమరంగు తప్ప ఏమీ మిగలదు.

చివరి పని, కాగితం చదును చేయడం. దినుసులన్నీ దులిపాక, టేపుని కాగితానికి దగ్గరగా మడిచి, నలభై అయిదు డిగ్రీల కోణంలో నెమ్మదిగా బయటివైపుకి లాగండి. ఇంకా వంగి ఉంటే వెనకవైపు స్ప్రే బాటిల్‌తో లేత చెమ్మ పట్టించి, రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రోజు ఉంచండి. ఉప్పు వేసినవాటికి, పంచదార వేసినవాటికి ఈ స్ప్రే పని వద్దు, చెమ్మ ముందువైపుకి వచ్చిందంటే మిగిలిన ఉప్పు మళ్లీ కరుగుతుంది. వాటిని పొడిగానే పుస్తకాల కింద పెట్టి, ఒక రోజుకి బదులు వారం ఆగండి.